అప్పు పుట్టకపోవుటకు గల కారణములు



పరపతి యను మాటను మనవారు రెండు తావుల వాడుదురు. నలుగురు మన్నించు పెద్దమనిషిని గూర్చి "ఆయనకు ఊరిలో పరపతి కలదు" అందురు. అప్పులిచ్చు సంఘమునకు "సహకార పరపతి సంఘము" అని పేరు పెట్టి బోర్డు కట్టుదురు. అడిగినంతనే అప్పు పుట్టుట మర్యాదకు గుర్తనియు, పుట్టకపోవుట మర్యాదకు లోటనియు తలచు లోకమున ఈ రెండర్థములును ఒకే మాటలో ఇమిడియుండుట వింత కాదు. కావుననే బ్యాంకు గడప దిగివచ్చు రైతు తలవంచుకొని వచ్చును. "ఏమన్నారయ్యా?" అని అడిగినచో "ఇయ్యరట" అనును గాని ఏల ఇయ్యరో చెప్పడు. తఱచుగా అతనికిని తెలియదు. అక్కడినుండి అతడు తిన్నగా సావుకారి వాకిటికి పోవును.

ఆ నాలుగడుగుల వెల యెంతయో ముందుగా లెక్క చూతము. సావుకారివద్ద 50,000 రూపాయలు నూటికి నెలకు మూడు రూపాయల చొప్పున తెచ్చినచో నెలకు 1,500, ఏటికి 18,000 రూపాయలు వడ్డీ యగును. అదే మొత్తము బ్యాంకులో పంటఋణముగా దొరకినచో నూటికి ఏటికి 7 చొప్పున 3,500. గడువు దాటకుండ చెల్లించినవానికి కేంద్రప్రభుత్వము 3 పాళ్లు తగ్గించును గనుక 2,000 మాత్రమే. తేడా 16,000 రూపాయలు. రెండెకరముల రైతుకు ఇది చిన్న మొత్తము కాదు. కొడుకునో కూతురునో కళాశాలలో నిలుపుటయా మానుటయా యనునది దీనిపై ఆధారపడును. ఒక్క కాగితము సరిగా లేనందున ఈ 16,000 పోవుచున్నవనిన, ఆ కాగితమేదో తెలిసికొనుట అవసరము గదా.

బ్యాంకువారు కఠినులని తిట్టుట సులభము. కాని అప్పు అడుగువానిని పరీక్షించుట నిన్న మొన్న పుట్టిన పద్ధతి కాదు. ధర్మశాస్త్రకర్తలు తగవులను 18 పదములుగా విభజించి వానిలో మొదటిదిగా ఋణాదానమునే చెప్పిరి. యాజ్ఞవల్క్యస్మృతికి మితాక్షర యను వ్యాఖ్య రచించిన విజ్ఞానేశ్వరుడు చాళుక్య విక్రమాదిత్యుని కాలమున కల్యాణపురమున నుండినవాడు. ఆ కల్యాణమే నేటి బీదరు జిల్లాలోని బసవకల్యాణము. మన మంజీర ఆ బీదరు సీమను తడిపియే మన సీమకు వచ్చుచున్నది. 13వ శతాబ్దమున కేతన ఆ గ్రంథమును తెనుగు చేసెను. ఆ శాస్త్రము చొప్పున కుదువ పెట్టిన అప్పునకు నెలకు అసలులో 80వ వంతు వడ్డీ. అనగా నూటికి రూపాయి పావలా, ఏటికి 15. కుదువ లేనిచో వర్ణక్రమమున 2 మొదలు 5 వఱకు పెరుగును. ఈ వర్ణభేదము నేటి చట్టమునకు సమ్మతము కాదు, కానును రాదు. అయినను తక్కిన లెక్క గమనింపదగినది. అడవిదారిన సరకు తోలుకొనిపోవు వర్తకునకు నెలకు నూటికి 10, సముద్రముపై పోవువానికి 20. సొమ్ము మునుగునను భయము ఎంతయో వడ్డీ యంత. నేటి బ్యాంకు వడ్డీని అంతగా పెంచజాలదు. భయము కలిగినచోట అప్పే ఇయ్యక ఊరకుండును. తేడా ఇంతియే.

నైజాము కాలమున మన పల్లెలలో నాగులని యుండెడివి. వానకాలమున పుట్టెడు వడ్లు తెచ్చుకొన్నవాడు కోతలనాడు పుట్టిన్నర కొలువవలెను. అప్పు ఇచ్చువాడు కాగితము చూడడు. మనిషిని, ఎద్దులను, పొలమును చూచును. బ్రిటిషు ఇండియాలో 1904లోను, హైదరాబాదు రాజ్యమున 1914లోను సహకార పరపతి సంఘముల చట్టములు పుట్టినవి. అయినను 1951-52లో రిజర్వు బ్యాంకు దేశమంతట జరిపించిన గ్రామీణ పరపతి పరిశీలనలో, రైతుల అప్పులలో సహకార సంఘముల పాలు నూటికి 3, వాణిజ్య బ్యాంకుల పాలు ఒకటికంటె తక్కువ, వడ్డీవ్యాపారుల పాలు దాదాపు 70 అని తేలినది. 1969 జూలై 19న 14 బ్యాంకులు జాతీయము చేయబడినవి. 1975నుండి గ్రామీణ బ్యాంకులు వెలసినవి. కిసాన్ క్రెడిట్ కార్డు 1998లో వచ్చినది. నేడు ప్రతి బ్యాంకును తానిచ్చు అప్పులలో నూటికి 18 పాళ్లు వ్యవసాయమునకును, అందు 10 పాళ్లు చిన్న సన్నకారు రైతులకును ఇయ్యవలెనని రిజర్వు బ్యాంకు శాసనము. కనుక బ్యాంకునకు రైతు అక్కఱయే. మఱి త్రిప్పి పంపుటకు కారణమేమి?

మన జిల్లాలో మొట్టమొదటి కారణము భూమి కాగితము. పొలము దున్నుచున్నది కుమారుడు. పట్టా తండ్రి పేర నున్నది. తండ్రి గతించి పదేండ్లయినది. ఫౌతి విరాసతు చేయించుకొనలేదు. అన్నదమ్ములు నలుగురు, పంపకము నోటిమాటతో జరిగినది. గట్లు వేసికొన్నారు గాని దస్తావేజు లేదు. బ్యాంకు అధికారి కంప్యూటరులో చూచినచో మృతుని పేరే కనబడును. చనిపోయినవానికి అప్పు ఇయ్యరు గదా. తాతలనాటి 1954-55 ఖాస్రా పహాణీ నకలు జాగ్రత్తగా మడిచి తెచ్చి చూపువారున్నారు. ఆ నకలు హక్కు ఋజువు చేయుటకు తహసీలుదారు కచ్చేరిలో పనికివచ్చును గాని, బ్యాంకు బల్లపై అది చాలదు.

రెండవది సాదాబైనామా. తెల్లకాగితముపై కొనుగోలు వ్రాసికొని, సాక్షుల వ్రేలిముద్రలు వేయించి, రిజిస్టరు చేయింపక ముప్పది నలువది యేండ్లుగా దున్నుకొను భూములు మన తెలంగాణమున లెక్కకు మిక్కిలి. ఊరిలో ఎవ్వరును కాదనరు. కచ్చేరిలో ఎవ్వరును ఔననరు. వీనిని క్రమపఱచుటకై ప్రభుత్వము 2016లో ఒకమారును, 2020 అక్టోబరు నవంబరు నెలలలో మఱియొకమారును దరఖాస్తులు తీసికొనినది. 2020 నాటివి న్యాయస్థానమున చిక్కుకొనినవి. 2025లో వచ్చిన భూభారతి చట్టమున ఆ దరఖాస్తుల పరిష్కారమునకు మార్గము చెప్పబడినది. కావున నాడు దరఖాస్తు పెట్టినవారు ఆ రసీదును పోగొట్టుకొనరాదు. ఇంటి దూలమునకు గ్రుచ్చిన చీటీల కట్టలో అది యున్నదేమో వెదకి తీయించుట పెద్దలు చేయదగిన మొదటి పని.

లావుణీ పట్టా భూముల సంగతి వేఱు. ప్రభుత్వము బీదలకిచ్చిన ఈ భూములను అమ్మరాదు, కొనరాదు అని 1977 నాటి చట్టము. కాని ఆ చట్టమే, పొందినవాడు దానిని సహకార సంఘమునకో బ్యాంకునకో తనఖా పెట్టుటకు అడ్డు చెప్పలేదు. ఈ భేదము తెలియక, లావుణీ యను మాట వినగానే "పనికిరాదు" అని పంపివేయుటయు, విన్నవాడు నోరుమూసికొని వచ్చుటయు జరుగుచుండును. ప్రభుత్వమునుండి పొందినవాడును అతని వారసుడును అడుగవచ్చును. వారివద్ద చాటుగా కొన్నవాడు అడుగరాదు. ఇంకొక చిక్కు నిషేధిత జాబితా. ఒక సర్వే నంబరులో కొంత భాగము ప్రభుత్వభూమియైన, పొరపాటున ఆ నంబరంతయు జాబితాకెక్కి, పట్టాదారుల భూమియు అందులో చిక్కుకొనును. 2020 అక్టోబరు 29న ధరణి మొదలైన పిమ్మట ఇట్టి మొఱలు మిక్కుటముగా వినవచ్చినవి. దీనికి మందు బ్యాంకులో లేదు. రెవెన్యూ కచ్చేరిలోనే కలదు. బ్యాంకులో వాదించి ప్రయోజనము లేదు.

పేర్ల తగవు చిన్నదే గాని చికాకైనది. పాసుపుస్తకమున లక్ష్మయ్య, ఆధారులో లచ్చయ్య. ఒకచోట ఇంటిపేరు ముందు, ఒకచోట వెనుక, వేఱొకచోట పొడియక్షరము మాత్రమే. బడిలో చేర్చునాడు తల్లిదండ్రులు చెప్పిన యీడు ఒకటి, ఆధారు వ్రాయువాడు ముఖము చూచి ఊహించినది మఱియొకటి. మనకు లక్ష్మయ్యయు లచ్చయ్యయు తత్సమ తద్భవములు. యంత్రమునకు వ్యాకరణము రాదు, వారిద్దఱు మనుష్యులు. మూడు కాగితములలోను ఒకే వర్ణక్రమము ఉండునట్లు ముందుగా దిద్దించుకొనవలెను.

ఇక పాతబాకీల మాట. 1941లో స్థాపింపబడిన హైదరాబాదు స్టేటు బ్యాంకు 2017 ఏప్రిల్ 1న భారతీయ స్టేటు బ్యాంకులో కలిసినది. మన జిల్లాలో పనిచేసిన మంజీర గ్రామీణ బ్యాంకు 2006లో ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస బ్యాంకులో కలిసినది. దాని తెలంగాణ శాఖలు 2025 జనవరి 1నుండి తెలంగాణ గ్రామీణ బ్యాంకు క్రిందికి వచ్చినవి. బోర్డులు మాఱినవి, ఖాతాలు మాఱలేదు. "మంజీర బ్యాంకు పోయినది, దానితో నా అప్పు పోయినది" అని తలచినవాడు కొత్త బోర్డు క్రింద నిలిచి కొత్త అప్పు అడిగినచో, పాత చిట్టా వాని ముందర విప్పుదురు.

దీనితోడిదే మాఫీల సంగతి. 1990లో 10,000 రూపాయల వఱకు, 2008లో కేంద్రప్రభుత్వము, తెలంగాణము ఏర్పడిన తరువాత 2014లో లక్ష వఱకు, 2024లో రెండు లక్షల వఱకు ఋణముల మాఫీ జరిగినది. బాధలో నున్నవానికి అది ఊపిరి పోసినదనుటకు సందేహము లేదు. కాని ప్రకటనకును చెల్లింపునకును నడుమ నున్న కాలమును గమనింపుడు. 2014 నాటి మాఫీ నాలుగు విడతలుగా వచ్చినది. "ఎట్లును మాఫీ యగును, కట్టుట యేల?" అని రైతు ఆగును. గడువు దాటును. 3 పాళ్ల తగ్గింపు పోవును. స్వల్పకాలపు పంటల అప్పు గడువు దాటి రెండు పంటకాలములు గడచినచో బ్యాంకు దానిని మొండిబాకీగా వ్రాసికొనును. 2024లో రెండు లక్షలు మించిన బాకీ గలవారు మించిన భాగమును ముందుగా చెల్లింపవలెనని నియమము పెట్టిరి. అది కట్టలేక నిలిచిపోయినవారును గలరు. ఇచ్చినప్పుడు తీసికొనుడు, తప్పు లేదు. దానికై ఎదురుచూచుచు ఖాతాను మురుగబెట్టుకొనుట మాత్రము కొరివితో తల గోకికొనుట.

ఇంకొకటి రాజీ చెల్లింపు. లక్ష బాకీకి అఱువది వేలు కట్టించుకొని బ్యాంకు ఖాతా మూసివేయును. రైతు "తీఱినది" అని సంతోషించును. కాని లెక్కలో "పూర్తిగా చెల్లినది" అని కాక "సర్దుబాటు చేయబడినది" అని పడును. తరువాత అప్పు అడిగినచోటనెల్ల ఆ మాట ఎదురగును. రాజీ చేసికొనుటకు ముందు ఈ సంగతి తెలిసియుండవలెను.

ఇప్పుడు పెద్దలకు ముఖ్యముగా చెందిన విషయము చెప్పెదను, అది పూచీ. పైని చెప్పిన ధర్మశాస్త్రమున పూచీదార్లు మూడు తెగలు. "పిలిచినప్పుడు వీనిని తెచ్చి నిలుపుదును" అనువాడు దర్శన ప్రతిభువు. "వీడు నమ్మదగినవాడు" అనువాడు ప్రత్యయ ప్రతిభువు. "వీడియ్యకున్న నేనిత్తును" అనువాడు దాన ప్రతిభువు. మన పల్లెలలో సంతకము చేయు పెద్దమనిషి మనస్సులో మొదటి రెండింటిలో ఒకటి యుండును. "మంచివాడే అని చెప్పితిని, అంతేగదా" యనుకొనును. కాని 1872 నాటి ఒడంబడికల చట్టము చొప్పున పూచీదారుని బాధ్యత బాకీదారుని బాధ్యతతో సరిసమానము. వేఱుగా వ్రాసికొననిచో పైసా తగ్గదు. బ్యాంకు ముందుగా బాకీదారుని వెంటబడి పిమ్మట మీయొద్దకు రావలెనను నియమము కూడ లేదు. అనగా నేటి కాగితముపై సంతకము చేసిన ప్రతివాడును దాన ప్రతిభువే.

దీని ఫలము రెండువిధములు. ఎవరికో ట్రాక్టరు కొనుటకు సంతకము చేసిన పెద్దమనిషి, అయిదేండ్ల తరువాత మనుమని చదువునకు అప్పు అడిగినచో, ఆ ట్రాక్టరు కంతులు నిలిచిన సంగతి ఇతని పేర గూడ కనబడును. తన అప్పు ఒక్కటియు ఎగవేయనివాడు ఎగవేతగాడుగా నిలుచును. రెండవది, పది యిండ్లకు పూచీ నిలిచినవాని పూచీని పదునొకండవచోట బ్యాంకు అంగీకరింపదు. సంతకము చేయవలదని నా మాట కాదు. పూచీ లేనిచో పల్లెలో పనులు సాగవు. ఎవరికి, ఏ బ్యాంకులో, ఎంతకు, ఏనాడు సంతకము చేసితిరో ఒక పుస్తకమున వ్రాసి యుంచుకొనుడు. అప్పు తీఱినప్పుడు తీఱినట్లు ఆ బ్యాంకు చీటీ నకలు మీరును తీసికొనుడు.

పూర్వము పట్వారిగారి నోటను, కోమటివారి చిట్టాలోను ఉండెడి మన మంచిచెడ్డలు నేడు ముంబయి వంటి నగరములలోని యంత్రములలో నున్నవి. 2000 సంవత్సరమున సిబిల్ అను సంస్థ ఏర్పడినది. 2005లో దీనికై చట్టము వచ్చినది. ఇప్పుడట్టి సంస్థలు నాలుగు గలవు. బ్యాంకులు, బండ్లకు అప్పులిచ్చు కంపెనీలు, సూక్ష్మఋణ సంస్థలు, అందఱును తాము ఎవరికి ఎంత యిచ్చిరో, వారు కంతులు ఎట్లు కట్టుచున్నారో ఈ సంస్థలకు తెలుపవలెను. ఆ సంస్థలు ప్రతి మనిషికి 300 మొదలు 900 వఱకు ఒక అంకె కట్టును. 750 దాటినచో మేలని బ్యాంకులు సాధారణముగా తలచును. బడిలో మార్కులవంటివే గాని ఒక భేదము కలదు: తెలివికి మార్కులు లేవు, ధనమునకు మార్కులు లేవు, చెప్పిన తేదీకి చెల్లించుటకే మార్కులు. నూఱెకరముల ఆసామికి 550, కూలి చేసికొను స్త్రీకి 780 ఉండవచ్చును.

యువకులు ఇక్కడనే దెబ్బతినుచున్నారు. పట్నమున వడ్డీ లేదని చెప్పి కంతులమీద చేతిఫోను కొందురు. రెండు నెలలు కట్టి, ఫోను పగిలినది గనుక కంతు మానుదురు. 800 రూపాయలు నిలిచిన ఆ చిన్న బాకీ, రెండేండ్ల తరువాత అయిదు లక్షల ట్రాక్టరు అప్పునకు అడ్డుపడును. మఱికొందఱు ఒక్క వారములో అయిదాఱు చోట్ల ఫోనులోనే దరఖాస్తులు పెట్టుదురు. ప్రతి దరఖాస్తునకు ఆ ఋణదాత లెక్క విప్పి చూచును; చూచినట్లు గుర్తు పడును. గుర్తులు ఎక్కువైనచో "వీనికి సొమ్ముతో మిక్కిలి కటకటగా నున్నది" అని కొత్తవాడు వెనుదీయును. ముందుగా రుసుము పంపిన అప్పు మంజూరు చేసెదమను ఫోను మాటలను నమ్మి ఉన్నదికూడ పోగొట్టుకొనువారి సంగతి వేఱుగా చెప్పనక్కఱలేదు.

అసలే అప్పు చేయనివానికి అంకె ఉండదు. "ఇన్నాళ్లు ఎవరి సొమ్మును ముట్టనందుకు ఇదా ఫలము?" అని వాడు అడుగుట న్యాయమే. మొదటిసారి అడుగువాని దరఖాస్తును, పాతలెక్క లేదను ఒక్క కారణముచే త్రోసిపుచ్చరాదని 2025 జనవరిలో రిజర్వు బ్యాంకు ఆదేశించినది. ఈ సంగతి గట్టిగా జ్ఞాపకముంచుకొనదగినది.

లెక్కలో తప్పులును పడును. ఒక్క ఊరిలో ఒకే పేరు, తండ్రిపేరును ఒకటే గల యాదగిరులు ముగ్గురుందురు. ఒకని బాకీ మఱియొకని పేర ఎక్కును. ఏటికొకమారు ప్రతి సంస్థయు మన పూర్తి లెక్కను ఉచితముగా ఇయ్యవలెను. కంప్యూటరు తెలిసిన మనుమడు అరగంటలో తెప్పింపగలడు. తప్పున్నచో సంస్థకు వ్రాయవలెను. 30 దినములలో దిద్దనిచో ఆపైన దినమునకు 100 రూపాయల చొప్పున పరిహారమియ్యవలెనని 2023లో రిజర్వు బ్యాంకు ఉత్తరువు చేసినది. 2025నుండి ఋణదాతలు పక్షమునకొకసారి లెక్కలు పంపవలెను గనుక, శుక్లపక్షమున కట్టిన బాకీ ఇంచుమించుగా కృష్ణపక్షము దాటునప్పటికి చెల్లినట్లు కనబడును. పూర్వమంత ఆలస్యము లేదు.

తీర్చు శక్తి చాలదనునది ఇంకొక కారణము. పంటఋణమున ఎకరమునకు ఎంత యియ్యవచ్చునో పంటవారీగా ప్రతి యేడును జిల్లా సాంకేతిక సంఘము నిర్ణయించును. మంజీరపై 1905లో కట్టిన ఘనపురము ఆనకట్ట క్రింది వరికిని, మెట్టచేని కందికిని ఒక్కటే మొత్తము రాదు. రెండెకరముల కందికి నాలుగెకరముల వరి సొమ్ము అడుగువాడు కోపపడి ప్రయోజనము లేదు. పెండ్లికనియు ఇంటికప్పునకనియు పంటఋణమడుగుటయు ఇట్టిదే. అయినను కిసాన్ కార్డు పరిమితిలో సాగు సొమ్మునకు తోడుగా నూటికి 10 పాళ్లు ఇంటి అవసరములకు, కోత పిమ్మటి ఖర్చులకు చేర్చు ఏర్పాటు కలదు. అది చాలమందికి తెలియదు. 2025 జనవరి 1నుండి రెండు లక్షల వఱకు వ్యవసాయ ఋణములకు భూమి తనఖా అడుగరాదు. ఇందువలన భూమి కాగితము అక్కఱలేదని అర్థము చేసికొనరాదు. తనఖా వేఱు, సాగుహక్కు ఋజువు వేఱు.

మహిళాసంఘముల ఇండ్లలో మఱియొక చిక్కు. 1992లో నాబార్డు 500 సంఘములతో మొదలిడిన బ్యాంకు అనుసంధానము నేడు ప్రతి పల్లెకు చేరినది. కాని సంఘపు అప్పుతోబాటు రెండు మూడు సూక్ష్మఋణ సంస్థల వారపు కంతులును అదే ఇల్లు మోయుచుండును. 2022 నాటి నియమము చొప్పున ఏటికి 3 లక్షల లోపు ఆదాయము గల కుటుంబము కట్టవలసిన కంతులన్నియు కలిసి ఆదాయములో సగము మించరాదు. అనగా నెలకు 25,000 వచ్చు ఇంటిలో కంతులు 12,500 దాటరాదు. దాటిన ఇంటికి క్రొత్త అప్పు ఇయ్యరు. ఈ త్రోసిపుచ్చుట, నా మట్టుకు, ఆ ఇంటికి మేలే.

కౌలుదారుని కష్టము అన్నింటికంటె పెద్దది. దున్నువాడు అతడు, విత్తువాడు అతడు, పాసుపుస్తకము ఆసామిది. ఆసామి పట్నమున నుండి ఆ భూమిపై తానే పంటఋణము తీసికొనియుండును. ఒక్క పంటకు రెండు అప్పులు ఇయ్యరు గనుక కౌలుదారు వచ్చునప్పటికి తలుపు మూసియుండును. 2011లో కౌలుదారులకు ఋణ అర్హత కార్డులిచ్చు చట్టము వచ్చినది. కార్డు ఒక యేటికి చెల్లును. కాని ఆసాములు సమ్మతింపక వెనుదీసిరి. 1950 నాటి హైదరాబాదు కౌలుదారీ చట్టము క్రింద రక్షిత కౌలుదార్లకు హక్కులు కలిగిన సంగతి ఆసాముల ఇండ్లలో నేటికిని మఱవలేదు. "పేరు వ్రాయించినచో పొలము పోవును" అను భయము వారిది. ఈ కార్డు వలన భూమిపై ఏ హక్కును కలుగదని ఆ చట్టమే చెప్పుచున్నది. ఇరువురినడుమ కూర్చుండి ఈ మాట చెప్పగలవారు పెద్దలు మాత్రమే. ఆసామి ఒప్పుకొననిచో నలుగురు మొదలు పదిమంది వఱకు కౌలుదార్లు ఒక జట్టుగా చేరి, ఒకరికొకరు పూచీగా నిలిచి అడుగు పద్ధతి కలదు. అందును జట్టులో ఒకడు ఎగవేసిన తక్కినవారి పేరు చెడును గనుక, జట్టు కట్టునాడే మనిషిని చూచి కట్టవలెను.

చివరగా, త్రోసిపుచ్చినపుడు ఏమి చేయవలెనో చెప్పెదను. అడగనిదే అమ్మయైనను పెట్టదు. నోటిమాటతో "కాదు" అనిపించుకొని రాకుడు. దరఖాస్తు ముట్టినట్లు రసీదు ఇయ్యవలెననియు, రెండు లక్షల వఱకు అడిగినవానికి కాదనుటకు గల ముఖ్యకారణములను వ్రాతమూలముగా తెలుపవలెననియు 2003లోనే రిజర్వు బ్యాంకు బ్యాంకులకు విధించినది. 2007లో దీనిని అన్ని ఋణములకు విస్తరింపజేసినది. అధికారి దరఖాస్తునే పుచ్చుకొననిచో కారణము పుట్టదు, కారణము లేనిచో మందు లేదు. కాబట్టి రెండు ప్రతులు వ్రాసి, ఒకటి అక్కడ ఇచ్చి, రెండవదానిపై ముద్ర వేయించుకొని రావలెను. ఊరిలో అక్షరము తెలిసిన పెద్ద ఒకరు తోడు పోయినచో ఈ ముద్ర త్వరగా పడునని అందఱు ఎఱుగుదురు.

వ్రాసి యిచ్చిన కారణము భూమికి చెందినదైన తహసీలుదారువద్దకు, లెక్క తప్పైన ఆ సంస్థవద్దకు, పాతబాకీయైన ఆ శాఖవద్దకు పోవలెను. కారణమే చెప్పనిచో ముందుగా ఆ బ్యాంకుకే ఫిర్యాదు వ్రాయవలెను. 30 దినములలో జవాబు రాకున్నను, వచ్చినది సరిపడకున్నను రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వ్రాయవచ్చును. 2021 నవంబరులో ఈ ఏర్పాటు దేశమంతటికి ఒకటిగా చేయబడినది, రుసుము లేదు. వీనికి ఇంత అప్పు ఇయ్యదగునా కాదా యను బ్యాంకు వ్యాపార నిర్ణయమున ఆయన చేయి పెట్టడు. కారణము చెప్పకపోవుట, రసీదు ఇయ్యకపోవుట, నియమము తప్పుట ఇవియే ఆయన విచారించునవి. ఉత్తరము చండీగఢ్‌లోని రిజర్వు బ్యాంకు కేంద్రమునకు పోవలెను. ఏ భాషలో వ్రాసినను స్వీకరింతురు గనుక తెనుగున వ్రాయుటకు సంకోచింపనక్కఱలేదు. అందు అడిగినవాని పేరు, ఊరు, బ్యాంకు శాఖ, దరఖాస్తు ఇచ్చిన తేదీ, బ్యాంకుకు ఫిర్యాదు వ్రాసిన తేదీ, కోరునది యేమి అను నాలుగు మాటలు వ్రాసి, ముద్ర పడిన ప్రతికి నకలు జతపఱచి, క్రింద సంతకము చేసిన చాలును.